రికార్డులో మన బిడ్డ ఎక్కడ?

(చిక్కసూగూరులో పాఠశాల వార్షికోత్సవమునకు ముందు జరిగిన తల్లిదండ్రుల సమావేశమున ప్రధానోపాధ్యాయులు చేసిన ప్రసంగ పాఠము)



ప్రతి సంవత్సరము ఈ సమావేశమున మేము హాజరు, మార్కులు, ఫీజు బకాయిలు అను మూడు విషయములను గూర్చియే మాటలాడుట మీ రెరిగినదే. ఈ మారు వానిని సహోపాధ్యాయులకు విడిచిపెట్టి, గడియారమును గూర్చి నాలుగు మాటలు చెప్పదలచితిమి. నవ్వకుడు. గత సంవత్సరము మన బడిలో జరిగిన రెండు పొరపాట్లకు గడియారమే మూలము. రెండింటను తప్పు మాది. మొదటి దానివలన ఒక తండ్రి మనస్సు నొచ్చెను. రెండవ దానివలన ఈ బడిలో తెలుగు మాధ్యమపు భవిష్యత్తే సందేహమున పడెను.

గత వార్షికోత్సవమును యూట్యూబులో ప్రత్యక్ష ప్రసారము చేయవలెనని సంఘమువారు నిర్ణయించిరి. మన పిల్లల తల్లిదండ్రులలో అనేకులు పనులకొరకు బెంగుళూరు, హైదరాబాదు, పూనా నగరములలో నున్నారు. బిడ్డ వేదిక యెక్కు దినమున వారు రాలేరు. మన పూర్వవిద్యార్థి యొకడు తన మొబైలును స్టాండుపై నిలిపి ప్రసారము చేసెను. మేము వేదిక ప్రక్కన నోటుపుస్తకము పట్టుకొని, ఏ బిడ్డ ఏ సమయమున వచ్చినదో హాలు గోడ గడియారమును చూచి వ్రాసికొంటిమి. మరునాడు ఆ జాబితాను, రికార్డును కలిపి తల్లిదండ్రుల వాట్సాప్ సమూహమునకు పంపితిమి. గొప్ప యుపకారము చేసితిమని లోలోపల సంతోషించితిమి కూడ.

ఆ రాత్రి పూనా నుండి ఒక తండ్రి ఫోను చేసెను. నాలుగవ తరగతి బాలిక తండ్రి, కట్టడపు పనివాడు. "సార్, మీరు రాసిన టైముకే చూస్తిని. మా పాప లేదు. పెద్దపిల్లలు కోలాటం ఆడుతుండారు. మా పాపను ఎక్కించలేదా?" అని యడిగెను. ఎక్కించితిమనియు, పద్యము చక్కగా చదివినదనియు మేము చెప్పితిమి. అతడు కొంతసేపు పలుకలేదు. పిమ్మట మెల్లగా, "పేదోళ్ల పిల్ల అని ఇడిసిపెట్టినారేమో అనుకొంటిని సార్" అనెను. ఇన్ని యేండ్ల యుపాధ్యాయ వృత్తిలో మమ్ము తలవంచుకొనజేసిన మాటలలో అది యొకటి.

అతని లెక్క యేమి? జాబితాలో ఆ బాలికకు ఎదురుగా 7-12 అని మేము వ్రాసియుంటిమి. ఆహ్వానపత్రములో సభ 5-30 గంటలకు ఆరంభమని అచ్చువేసితిమి. 7-12 నుండి 5-30 తీసివేసిన 1 గంట 42 నిమిషములు. రికార్డును అక్కడికి జరిపి చూచెను. తీసివేతలో తప్పు లేదు. తప్పు మేమిచ్చిన అంకెలలో నున్నది.

మొదట, ప్రసారము ఆరంభమైనది 5-30కు కాదు, 5-48కు. ముఖ్య అతిథులను గూర్చి వేచియుండుట మన యాచారము గదా! రెండవది, హాలు గోడ గడియారము 4 నిమిషములు ముందు నడుచుచుండెను. పిల్లలు వేళకు రావలెనని మేమే అట్లు పెట్టించితిమి. పెట్టించిన సంగతి మేమే మరచితిమి. మూడవది, 6-31కి అలంకరణ దీపముల బరువునకు బడి ఫ్యూజు కాలిపోయెను. శక్తినగరపు విద్యుత్కేంద్రము పొగగొట్టములు కనబడు దూరమున కూర్చుండి 11 నిమిషములు చీకటిలో గడిపితిమి. ఇంటర్నెట్టు పెట్టె ఆరిపోగా ప్రసారము తెగిపోయెను. 6-42కి మరల ఆరంభింపగా అది క్రొత్త ప్రసారమై, రెండవ రికార్డుగా నిలిచెను.

కావున మొదటి రికార్డు నిడివి 43 నిమిషములే. అందులో 1 గంట 42 నిమిషములు దొరకక ఆ తండ్రి రెండవ దానిలో వెదకెను. అక్కడ ఆ స్థానమున రాత్రి ఎనిమిదిన్నర కావచ్చినది, కోలాటము నడుచుచున్నది. మేము కాగితముపై మరల లెక్క వేసితిమి. గోడ గడియారపు 7-12 అనగా నిజమునకు 7-08. రెండవ రికార్డు పుట్టినది 6-42కు. కావున 26 నిమిషములకడ చూడుమని చెప్పితిమి. అతడు చూచి మరల ఫోను చేసెను: "పాప వీపు కనబడె సార్. దిగిపోతుండాది."

ఇదేమి చోద్యమని విచారింపగా, మన పూర్వవిద్యార్థి ఆ రాత్రియే, చూచువారికి విసుగు కలుగునని, రెండవ రికార్డు మొదటనున్న మైకు పరీక్షను, ఉత్త తెరను 2 నిమిషములు కత్తిరించినాడని తెలిసెను. సదుద్దేశమే. కాని మొదట 2 నిమిషములు కోసినచో వెనుకనున్నదంతయు 2 నిమిషములు ముందుకు జరుగును. 24 నిమిషములకడ ఆ పాప చేతులు కట్టుకొని నిలిచి పద్యము మొదలుపెట్టినది. పద్యము రెండు నిమిషములే. ఆ తండ్రి దానిని ఎన్ని మారులు చూచెనో మేమడుగలేదు.

ఇక్కడ రెండు గడియారములున్నవని గ్రహింపవలెను. గోడ గడియారము లోకమునకంతటికి చెందిన కాలమును చెప్పును. రికార్డు క్రింద పరుగెత్తు అంకెలు ఆ రికార్డు వయస్సును మాత్రమే చెప్పును. పుట్టినపుడు సున్నా, అక్కడినుండి లెక్క. బిడ్డ వయస్సు తెలిసినంత మాత్రమున ఫలాని పండుగనాటికి ఎంత బిడ్డయో చెప్పలేము. పుట్టిన తేది కావలెను. ఈ బడి ప్రవేశ పుస్తకము తెరచి చూడుడు. అందులో ఎందరో పిల్లలు జూన్ 1వ తేదిననే పుట్టియున్నారు! బడులు తెరచు మాసమది. తల్లిదండ్రులకు నిజమైన తేది గుర్తులేక, వ్రాయు గుమాస్తా తనకు తోచినది వ్రాసెను. మన ఆహ్వానపత్రములోని 5-30 కూడ రికార్డునకు అట్టి జూన్ 1వ తేదియే.

అందరికిని ఒకే గడియారము కావలెనను కోరిక క్రొత్తది కాదు. దానితో మన రాయచూరునకు పాత సంబంధమున్నది. 1871లో బొంబాయి వైపునుండి వచ్చిన గ్రేట్ ఇండియన్ పెనిన్సులా రైలుమార్గమును, మద్రాసు వైపునుండి వచ్చిన మద్రాసు రైలుమార్గమును మన రాయచూరులోనే కలిసికొన్నవి. కృష్ణ దాటి మన యూరి చేరువగా పోవు మార్గము అదియే. ఆ కాలమున బొంబాయి గడియారమునకును మద్రాసు గడియారమునకును సుమారు అరగంట భేదము. ప్రతి నగరము తన సూర్యుని తాను నమ్ముకొని యూరకున్నంత కాలము చిక్కు లేదు. ఒకచోట బయలుదేరిన రైలు మరియొకచోట చేరవలసివచ్చినపుడు చిక్కు వచ్చినది. రైళ్ళకు మద్రాసు కాలము ప్రమాణమైనది. 1906 జనవరి 1 నుండి 82½ డిగ్రీల తూర్పు రేఖాంశము ననుసరించి దేశమంతటికి ఒకే కాలము ఏర్పడినది. బొంబాయి నగరము మాత్రము తన పాత కాలమును చాల యేండ్లు విడువలేదు. ఆ రేఖ కాకినాడ చేరువగా పోవును. మన చిక్కసూగూరు దానికి పడమరగా ఐదు డిగ్రీలకు పైబడి యున్నది. డిగ్రీకి 4 నిమిషముల చొప్పున మన సూర్యుడు సుమారు 20 నిమిషములు ఆలస్యము. గడియారము 12 కొట్టునప్పుడు మన జెండా కంబపు నీడ ఇంకను పడమరకు మొగ్గియుండుటను పిల్లలకు చూపుచుందుము. సూర్యుని తప్పు లేదు, గడియారపు తప్పు లేదు. రెండింటి నడుమ నున్న భేదము తెలిసియుండవలెను, అంతే.

వీడియో లోపలి సంగతి కొంత చెప్పెదము. మేమును దీనిని ఆ పూర్వవిద్యార్థి యొద్దనే నేర్చితిమి. ప్రతి చిత్రమునకు, దానితోడి ధ్వనికి యంత్రము ఒక అంకె వేయును. ఎంపెగ్ అను పద్ధతిలో సెకనును 90,000 భాగములు చేసి లెక్కించుదురు. ఆ లెక్క సుమారు 26½ గంటలకు నిండిపోయి మరల సున్నాకు వచ్చును, పాత మోటారుసైకిలు మీటరువలె. మన సభలు అంత దీర్ఘములు కావు; కొన్ని యుపన్యాసములు వినునపుడు అట్లు తోచునుగాక. ఈ అంకెలవలన పెదవుల కదలికకు మాటకు పొత్తు కుదురును, ఒక చిత్రమునకు మరియొక చిత్రమునకు నడుమ దూరము తెలియును. అది ఏ దినము, ఏ గంట యనునది మాత్రము వానివలన తెలియదు.

దానిని తెలుపు ఉపాయమును నిపుణులు వేరుగా కల్పించిరి. 2009లో ఆపిల్ సంస్థ వెలువరించిన హెచ్.ఎల్.ఎస్. అను పద్ధతిలో ప్రసారమును కొన్ని సెకండ్ల తునుకలుగా కోసి, ఆ తునుకల పట్టికను చూచువాని ఫోనునకు పంపుదురు. ఆ పట్టికలో "ప్రోగ్రాం డేట్ టైమ్" అను పంక్తి యొకటి వ్రాసినచో, ఈ తునుక ఫలాని దినము ఫలాని గంటకు చెందినదని స్పష్టమగును. పుట్టిన తేదిని నిజముగా వ్రాసినట్లే. అయితే వ్రాయుట నిర్బంధము కాదు. వ్రాసినను, వ్రాసిన యంత్రపు గడియారము సరియైనదై యుండవలెను.

యంత్రముల గడియారములు ఎట్లు సరిపడును? మన దేశపు ప్రామాణిక కాలమును ఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాల పరమాణు గడియారములతో కాపాడుచున్నది. ఇంటర్నెట్టులోని యంత్రములు ఒకదానినొకటి అడిగి తెలిసికొను పద్ధతిని అమెరికాలో డేవిడ్ మిల్స్ అను పండితుడు 1980 ప్రాంతపు దశకమున రూపొందించెను. ఎన్.టి.పి. యని దాని పేరు. అందు మాకు నచ్చిన విషయ మొకటి కలదు. సమయమెంత యని యడిగిన యంత్రము, జవాబును విని యూరక నమ్మదు. ప్రశ్న పోవుటకును జవాబు వచ్చుటకును పట్టిన కాలమును లెక్కగట్టి, ఆ యాలస్యమును సవరించుకొనును. ఆలస్యమును సవరించుకొనుట మాకు తెలియకపోవుట చేతనే రెండవ పొరపాటు జరిగినది.

ప్రత్యక్ష ప్రసారమని మనమనుచున్నాము గాని, అది ప్రత్యక్షము కాదు. 2023 ఆగస్టు 23 సాయంకాలము 6-04కు చంద్రయాన్-3 చంద్రునిపై దిగినపుడు ఈ హాలులో టీవీ పెట్టితిమి. పిల్లలు చప్పట్లు కొట్టి కేకలు వేసిరి. వరండాలో మొబైలు చూచుచున్న మా యుపాధ్యాయులు, "ఇంకా దిగనే లేదు, ఎందుకీ చప్పట్లు?" అని లోపలికి తొంగిచూచిరి. అర నిమిషము తరువాత వారును చప్పట్లు కొట్టిరి. చంద్రుని నుండి భూమికి వార్త వచ్చుటకు సుమారు సెకనుంబావు చాలును. బెంగుళూరు నుండి మన వరండాకు వచ్చుటకు అర నిమిషము పట్టినది! దృశ్యమును కుదించుట, తునుకలుగా కోయుట, ఎక్కడనో నిలువచేసి పంపుట, నడుమ ఆగిపోకుండ ఫోను కొన్ని తునుకలను ముందుగా దాచుకొనుట, వీనికి ఆ కాలము పట్టును. ఆనాడు నవ్వుకొంటిమి. దానిని మనస్సున పెట్టుకొనవలసినది.

వార్షికోత్సవమైన మరుమాసమున సంఘ సర్వసభ్య సమావేశము జరిగినది. ఎనిమిదవ తరగతిలో తెలుగు మాధ్యమపు క్రొత్త ప్రవేశములను నిలిపివేయవలెనా యనునది ప్రశ్న. 1956 నవంబరు 1న మన జిల్లా హైదరాబాదు రాష్ట్రమునుండి మైసూరు రాష్ట్రమున చేరినది. ఆ సంవత్సరమే రాజ్యాంగమున చేరిన 350-ఎ అధికరణము, భాషాల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషాబోధనకు తగిన వసతులు కల్పింప యత్నింపుమని రాష్ట్రములకు చెప్పినది. హైస్కూలు ఆ గడపకు అవతలిది. అక్కడ నిలుచుట, నిలువకపోవుట చాలవరకు మన చేతిలోనిది. నిలిపివేయుమన్నవారు తెలుగు ద్వేషులు కారు. పిల్లల ఉద్యోగములను గూర్చి భయపడినవారు. అది వేరొకనాటి చర్చ.

పరస్థలములందున్న సభ్యులు ప్రసారము చూచుచు వాట్సాప్‌లో తమ అభిప్రాయము పంపవచ్చునని యేర్పాటు చేసితిమి. అధ్యక్షులు 11-30కు, "రెండు నిమిషముల గడువు" అనిరి. 11-32కు, "గడువు ముగిసినది" అనిరి. హాలులో ఎత్తిన చేతులు, అప్పటికి వచ్చిన సందేశములు కలిపి, నిలిపివేయుటకు 31, వలదనుటకు 27. అటుపిమ్మట బల్లపైనున్న ఫోను ఏడు మారులు మ్రోగెను. అన్నింటిపైనను 11-32 అనియే యున్నది. వాట్సాప్ సెకండ్లను చూపదు. గడువు దాటినవని మేము వానిని తెరువకయే ప్రక్కన బెట్టితిమి. మేము తెలుగు మాధ్యమమున చదివి, తెలుగు మాధ్యమముననే బోధించుచున్నవారము. తెరచి చూడకుండుటయే నిష్పక్షపాతమని మురిసితిమి.

సాయంకాలము హైదరాబాదు నుండి ఒక తల్లి, "అయిపోయింది అన్న మాట నాకు ఇనబడకముందే పంపితిని కద సార్, ఎట్ల తప్పింది లెక్క?" అని యడిగెను. మేము మొదట వాదించితిమి. రాత్రి నిద్రపట్టక పడియుండగా వరండాలోని యుపాధ్యాయుల చప్పట్లు గుర్తునకు వచ్చెను.

అదృష్టవశమున, వార్షికోత్సవపు పాఠమువలన ఆ సమావేశపు ఆరంభమున సెకండ్ల గడియారము కెమెరాకు చూపియుంటిమి. రికార్డులో 35వ సెకనుకడ గడియారమున సరిగా 10-40 కనబడుచున్నది. కావున 11-32 అనునది 52 నిమిషముల 35 సెకండ్లకడ రావలెను. అధ్యక్షుల "ముగిసినది" అను మాట 52 నిమిషముల 41 సెకండ్లకడ వినబడెను. మైకు ఆ బల్లపైననే యుండుటచే ఫోను మ్రోతలు కూడ రికార్డులో వినవచ్చినవి. ఏడింటిలో ఆరు, ఆ మాట తరువాత 26 సెకండ్లలోపల. ఏడవది 48వ సెకనున.

ఇక ఆలస్యమెంత? మరునాడు అదే మొబైలుతో, అదే ఇంటర్నెట్టుతో ప్రసారము పెట్టి, ఆ తల్లికి మామూలు ఫోను కాల్ చేసితిమి. మేమిక్కడ గడియారమును కెమెరాకు చూపి, సెకను చదివితిమి. అదే అంకె తన తెరపై కనబడగానే చెప్పుమంటిమి. 31 సెకండ్లు. మరి రెండు మారులు చేయగా 29, 33. పూనాలో ఒకరిని అడుగగా 34. అందరికిని అంతియే యని మేము ప్రమాణము చేయజాలము; ఒక్కొక్క ఫోను ఒక్కొక్క తీరు. అయినను, గడువు ముగిసినదను మాట వారి చెవిని సోకకముందే ఆ యారుగురు పంపిరనుటకు ఇంతకన్న సాక్ష్యమేమి కావలెను?

కార్యవర్గము నెదుట ఆ యారింటిని తెరచితిమి. వలదన్నవి 4, నిలిపివేయుమన్నవి 2. మొత్తము 33, 31 అయినవి. ఏడవ సందేశము తెలుగునకు అనుకూలముగా నుండెను. దానిని లెక్కింపలేదు. ఫలితము మారలేదు గాని, రెండు చేతుల భేదముపై ఒక మాధ్యమమును మూయుట తగదని కార్యవర్గమువారు సంవత్సరము వాయిదా వేసిరి. ఈ సంవత్సరము ఎనిమిదవ తరగతి తెలుగు విభాగమున కూర్చున్న 11 మంది బాలబాలికలు అందుచేతనే ఇక్కడ నున్నారు.

ఆ ప్రశ్న వచ్చే మాసపు సమావేశమునకు మరల వచ్చును. అందుచే ఇప్పుడే చెప్పుచున్నాము. అధ్యక్షులు గడువు ముగిసినదని పలికిన పిమ్మట ఒక నిమిషము మౌనముగా కూర్చుందుము. ఆ నిమిషమున వచ్చినవి లెక్కలోనికి వచ్చును. ఆనాటి ఏడవ సందేశము ఈ నియమము క్రింద చెల్లెడిదే. దానిని పంపినవారు అడిగినచో మేము చెప్పగల సమాధానము, నియమము అప్పటికి లేదనుట మాత్రమే.

నేటి సాయంకాలపు ప్రసారమునకు కూడ కొంత యేర్పాటు చేసితిమి. ప్రసారము మొదలుకాగానే ఒక బాలుడు పలకపై తేదిని వ్రాసి, సెకండ్ల గడియారముతో కెమెరా యెదుట నిలుచును. సినిమావారు క్లాప్ కొట్టునట్లే అనుకొనుడు. ప్రసారము తెగి మరల మొదలైనచో మరల నిలుచును. తెగినపుడెల్ల క్రొత్త రికార్డు, క్రొత్త జన్మతేది. చివరను మరియొకమారు చూపును. రెండు పలకల నడుమ గడియారమున గడచిన కాలము, రికార్డున గడచిన కాలము సమానమైనచో నడుమ ఏ తునుకయు జారలేదని నమ్మవచ్చును. కత్తిరింపులు కావలసినచో వేరొక ప్రతిలో చేయుదురు; మూలమును ముట్టరు. జాబితాను గోడ గడియారమును చూచి కాక, ఆ మూల రికార్డునే నడిపి చూచి, ప్రతి బిడ్డ పేరునకెదురుగా ఏ రికార్డు, ఎన్ని నిమిషములు, ఎన్ని సెకండ్లు అని వ్రాసి ఎల్లుండికి పంపెదము. తప్పు కనబడినచో రాత్రియైనను ఫోను చేయుడు. పెద్ద ఫోను లేనివారు ఆదివారము ఉదయము బడికి వచ్చి హాలులో తమ బిడ్డను చూచికొనవచ్చును.

గోడ గడియారమును నిన్ననే నాలుగు నిమిషములు వెనుకకు త్రిప్పితిమి. అందువలన రేపటినుండి కొందరు పిల్లలు ఆలస్యముగా వచ్చెదరని మా సహోపాధ్యాయుల భయము. అది వేరు విధముగా చూచికొందము. ముఖ్య అతిథులు వచ్చినట్లున్నారు. పలక పట్టుకొను బాలుడు ముందుకు రావలెను.